పూల ముహూర్తం చెప్పే చెట్టు

జపాన్ రాజధాని టోక్యోలో యాసుకుని అనే ఆలయం ఉన్నది. దాని ఆవరణలో ఒక చెర్రీ చెట్టు ఉన్నది. మార్చి నెల రాగానే వాతావరణశాఖ ఉద్యోగులు వచ్చి ఆ చెట్టు కొమ్మలను పరీక్షిస్తారు. పత్రికల వాళ్ళు కూడా చుట్టూ మూగుతారు. ఎందుకో తెలుసా? ఆ చెట్టుకు ఐదారు పూలు విచ్చితే చాలు, “టోక్యోలో పూలకాలం మొదలైంది!” అని ప్రకటిస్తారు.

జపానువాళ్ళు ఈ పూలను “సాకురా” అంటారు. ఆకులు రాకముందే చెట్టు నిండా లేత గులాబి వన్నె పూలు! కాని ఆ వైభవమంతా వారం పది రోజులే. గాలివాన వస్తే అంతకన్నా ముందే రాలిపోతాయి. అందుకే కబురు తెలియగానే జనం తోటలకు బయలుదేరుతారు. చెట్లకింద చాపలు పరిచి, ఇంటిల్లిపాదీ కూచుని, తెచ్చుకున్న భోజనం తింటారు. ఉప్పులో ఊరిన చెర్రీ ఆకు చుట్టిన తీపి బియ్యపుముద్దలు ఆ రోజుల ప్రత్యేకం. ఈ వేడుక పేరు “హనామి”. అంటే “పూలు చూడటం”. చూడటమే సుమా! కొమ్మ విరిచితే అందరూ తప్పు పడతారు.

అయితే ఒక్క చెట్టును చూసి ఊరంతటి సంగతి ఎలా చెబుతారు? అక్కడే ఉంది తమాషా. జపానులో ఎక్కువగా నాటేది “సోమేయ్ యోషినో” అనే రకం. దీన్ని గింజ నాటి పెంచరు. మన మామిడికి కట్టినట్టు అంటు కడతారు. అంటే ఆ చెట్లన్నీ ఒకే చెట్టు కొమ్మల వంటివి! అందుచేత ఒకచోట ఉన్నవన్నీ ఇంచుమించు ఒకేసారి పూస్తాయి. దక్షిణాన క్యూషూ దీవిలో మార్చి చివర మొదలైన పూత, ఉత్తరాన హొక్కైడో చేరేసరికి మే నెల వస్తుంది.

ఈ మొగ్గలు ముందటి వేసవిలోనే కట్టుకొని, తరవాత నిద్రపోతాయి. వాటిని నిద్ర లేపేది ఎండ అనుకుంటున్నారా? కాదు, ముందు చలి! చలికాలమంతా బాగా చలి తగిలితేనే నిద్ర తీరుతుంది. ఆ తరవాత వెచ్చదనం తగిలితే మొగ్గ పెరిగి విచ్చుతుంది. చలి చాలకపోతే పూత సరిగా రాదు. చలి తీరాక ఎండ ముదిరితే పూలు తొందరపడతాయి.

క్యోటో నగరంలో పూర్వం రాజులు, ప్రభువులు, సన్యాసులు పూలవిందు జరిగిన రోజును తమ దినచర్యల్లో రాసుకునేవారు. 812వ సంవత్సరం నుంచీ అటువంటి రాతలు దొరికాయి. శాస్త్రజ్ఞులు వాటిని ఓపికగా ఏరి వరస పెట్టారు. 2021లో క్యోటో పూలు మార్చి 26నే నిండుగా విరిశాయి. అప్పటికి దొరికిన లెక్కల్లో, అంటే పన్నెండువందల ఏళ్ళలో, అంత త్వరగా ఎన్నడూ పూయలేదు! భూమి వేడెక్కుతున్నదనటానికి ఆ పాత దినచర్యలు సాక్ష్యం చెబుతున్నాయి.

విందు ముచ్చట్లు రాసుకున్నవారికి, అది ఒకనాడు శాస్త్రానికి పనికివస్తుందని తెలియదు గదా!

మన మామిడి పూతకు కూడా కాస్త చలి కావాలి. ఈసారి మీ పెరట్లోనో, బడి ఆవరణలోనో మామిడికి మొదటి పూత కనిపించిన రోజు తేదీ ఒక పుస్తకంలో రాసిపెట్టండి. మరుసటి ఏడూ రాయండి. ఆ పుస్తకాన్ని మాత్రం పారేయకండి!