కిలికి భాష – మన తెలుగు

మన పాఠశాలల ఆవరణములలో బాలురు యుద్ధపుటాట లాడునపుడు ఒక వింత భాష వినవచ్చుట కలదు. అది తెలుగు కాదు, మరాఠీ కాదు, ఉర్దూ కాదు. 2015 జూలైలో విడుదలయైన ‘బాహుబలి’ చలనచిత్రములో కాలకేయులు పలికిన కిలికి భాష. ఇంటి భాషయే చక్కగా రాని పిల్లలకు ఈ అరుపు లేలయని కొందరు పెద్దలు విసుగుకొనుచున్నారు. ఆ ఆటను మాన్పింప నక్కరలేదనియు, అందు మనవంటి అల్పసంఖ్యాక భాషలవారు గ్రహింపదగిన పాఠము కలదనియు మా అభిప్రాయము.

కాలకేయులను పేరు క్రొత్తది కాదు. మహాభారతములో వారు సముద్రమున దాగిన దానవులు. చిత్రములో వారు మాహిష్మతిపై దండెత్తిన జాతి. దర్శకులు శ్రీ ఎస్.ఎస్. రాజమౌళిగారి చిత్రమునకై తమిళ కవి శ్రీ మదన్ కార్కి వారి కొక ప్రత్యేక భాషను కల్పించిరి. సుమారు 750 పదములను, 40 వ్యాకరణ సూత్రములను ఏర్పరచిరి. అందు ‘మిన్’ అనగా నేను, ‘నిమ్’ అనగా నీవు. ఒక పదమును తిరుగవేసినచో రెండవది వచ్చును. 2020 ఫిబ్రవరి 21న దీని లిపియు లోకమునకు వెల్లడియైనది. ఆ దినము అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవము. 1952లో ఢాకా నగరమున తమ బంగ్లా భాషకై ప్రాణము లర్పించిన విద్యార్థులను స్మరించు దినము కూడ నదియే.

చిత్రము చూచినవారికి కిలికి భీకరముగా తోచుట సహజము. శత్రువుల భాష కావున అట్లు తోచునట్లే దానిని కల్పించిరి. కాని ఆ కేకలలోను వ్యాకరణ మున్నది. అర్థము తెలియనివానికే అది అరుపు. లోకమున ఈ పొరపాటు మిక్కిలి ప్రాచీనమైనది. గ్రీకులు తమ భాష రానివారి మాటలు ‘బర్ బర్’ అని వినబడుచున్నవని వారికి బర్బరులని పేరిడిరి. మన పూర్వులును పలుకు స్పష్టముగా లేనివారిని మ్లేచ్ఛులనిరి. తెలియమి వినువానిది; నింద మాత్రము పలుకువానిపై పడినది.

ఇంగ్లండునకు పడమట వేల్సు దేశము కలదు. 19వ శతాబ్దమున అచ్చటి కొన్ని పాఠశాలలలో తల్లిభాషయగు వెల్షు పలికిన బాలుని మెడలో చెక్కముక్కను వ్రేలాడదీసి అవమానించెడివారు. తరువాతి కాలమున ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు టోల్కీన్, తన కథలలోని ఎల్ఫులను సుందరజాతికి ఒక భాషను కల్పించునపుడు, ఆ వెల్షు ధ్వనులనే మాదిరిగా గైకొనెను. నేడు ఆ కథలను చదువు పిల్లలు ఎల్ఫుల పలుకును మధురమని మెచ్చుకొనుచున్నారు. బడిలో శిక్షకు గురియైన ధ్వనులకే ఈ ఆదరము లభించినది.

బాలబాలికలారా! ఈ సంగతి మనకు దూరమైనది కాదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విభజింపబడినపుడు మన నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరినది. 1960 మే 1 నుండి మహారాష్ట్రలో నున్నది. సరిహద్దు మారినను దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వటు ప్రాంతముల ఇండ్లలో తెలుగు మాసిపోలేదు. అయినను సంతలో అమ్మను తెలుగున పిలుచుటకు సిగ్గుపడు పిల్లలు మనలో కలరు. మన మరాఠీలో తెలుగు యాస యున్నదని ఇచ్చట నవ్వువారును, మన తెలుగులో మరాఠీ కలసినదని సరిహద్దు కావల నవ్వువారును ఉందురు. వారి నవ్వు మన భాషకు లోపము కాజాలదు. మరాఠీని శ్రద్ధతో నేర్వుడు. అది మనము నివసించు రాష్ట్రపు భాష. అటులనే కిన్వటు ప్రాంతపు కొలామిని, గోండిని, లంబాడీల పలుకును విని మీరు నవ్వకుడు. కొలామియు గోండియు తెలుగువలెనే ద్రావిడ కుటుంబపు భాషలు. మన కిష్టము కాని నవ్వును ఇతరులపై ప్రయోగించుట న్యాయము కాదు.

తల్లిదండ్రులకును ఒక మాట. ‘స్టార్ ట్రెక్’ చిత్రములలోని ఒక జాతికై మార్క్ ఓక్రాండ్ అను భాషావేత్త క్లింగాన్ భాషను కల్పించెను. 1985లోనే దానికి నిఘంటువు వెలువడినది. అటు పిమ్మట అమెరికాలో ఒక తండ్రి తన కుమారునితో మొదటి మూడేండ్లు ఆ భాషలోనే మాటలాడెను. బాలుడు కొంత నేర్చెను. కాని తల్లియు, తక్కినవారును ఆంగ్లమే పలుకుచుండుటచే తుదకు దానిని విడిచిపెట్టెను. నిఘంటువును వ్యాకరణమును ఉండియు, బదులు పలుకువారు లేక ఆ భాష ఆ యింట నిలువలేదు. మన యిండ్లలో నన్ననో తల్లి, తండ్రి, నాయనమ్మ, అమ్మమ్మ, మేనమామ అందరును తెలుగువారే. వీరందరును బిడ్డతో తెలుగు మాని వచ్చీరాని ఆంగ్లమున మాటలాడినచో, కల్పిత భాషకు పట్టిన గతియే మన భాషకును పట్టును.

అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య నేర్పుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఎ అధికరణము రాష్ట్రములకు విధించుచున్నది. దానిని ఆధారముగా గొని పాఠశాలలను, ఉపాధ్యాయులను మనము కోరవచ్చును. కాని భోజనమువేళ బిడ్డను తెలుగున పలుకరించు పని ప్రభుత్వము చేయజాలదు.

కావున విద్యార్థులకు మా సూచన యిది. ఈ సెలవులలో ప్రతి యొక్కరును ఇంటిలోని పెద్దలనడిగి, పాఠ్యపుస్తకములలో కానరాని తెలుగు పదములను 20 వ్రాసికొనుడు. వంటింటి సామగ్రి, పొలము పనిముట్లు, పక్షులు, బంధుత్వములు, పండుగలు—వీనిలో దేనికి సంబంధించిన పదమైనను సరియే. తరగతిలో 40 మంది యున్నచో 800 పదములగును. చిత్రమునకై కల్పించిన కిలికి పదముల సంఖ్యను ఒక్క తరగతియే మించును. ఆ పుస్తకమును సెలవుల పిదప తెలుగు ఉపాధ్యాయునకు చూపుడు. పిమ్మట విరామ సమయమున కిలికి యుద్ధము చేసికొనుడు, మేము అడ్డుపడము.