లెక్కల్లో రీసైక్లింగ్, కాలువలో కవర్లు

షాంపూ ప్యాకెట్టు, చిప్స్ కవరు, నీళ్ల బాటిలు వాడి పారేశాక ఎవరి బాధ్యత? మునిసిపాలిటీదేనని ఇన్నాళ్లూ అనుకున్నాం. చట్టం మాత్రం తయారు చేసి అమ్మిన కంపెనీదే అంటోంది. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లోనే ఈ మాట ఉంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం దానికి గడువులు, శాతాలు పెట్టింది. 2023-24 నుంచి కంపెనీలు తాము మార్కెట్లోకి వదిలిన ప్యాకింగ్ మొత్తానికీ బాధ్యత వహించాలి. 2024-25లో గట్టి ప్లాస్టిక్‌లో కనీసం 50 శాతం, పల్చటి కవర్లలో 30 శాతం రీసైకిల్ కావాలి. 2027-28 నాటికి అవి 80, 60 శాతానికి చేరాలి.

మరి చిక్కెక్కడ? కంపెనీ తన కవరును తానే ఏరుకోనక్కర్లేదు. రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో చూపితే చాలు. హోసూరులో అమ్మిన కవరుకు ఎక్కడో గుజరాత్‌లో కరిగించిన కవరు లెక్కకొస్తుంది. మన కాలువలోది కాలువలోనే ఉంటుంది. నేను ఉద్యోగమంతా రిజిస్టర్లు రాసిన గుమాస్తాను. పుస్తకంలో అంకెలు సరిపోయినంత మాత్రాన గోదాములో సరుకున్నట్టు కాదు. 2023లో మండలి తనిఖీ చేస్తే నాలుగు సంస్థల దగ్గరే సుమారు ఆరు లక్షల నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. కాకి లెక్కలంటే ఇవే.

రెండో చిక్కు ధర. నీళ్ల బాటిలుకు, పాల కవరుకు పాత సామాన్లవాడు ఎంతో కొంత ఇస్తాడు. షాంపూ ప్యాకెట్టు వైపు చూడనైనా చూడడు. అందులో రకరకాల పొరలు అతుక్కుని ఉంటాయి, విడదీయడం గిట్టుబాటు కాదు. మూడోది, సర్టిఫికెట్ డబ్బు రీసైక్లర్‌కు చేరుతుంది. తెల్లవారకముందే వీధుల్లో ఏరేవాళ్లకు ఇంత వాటా ఇవ్వాలని ఆ నిబంధనల్లో లేదు.

దారి లేకపోలేదు. నీలగిరి జిల్లాలో 2022 నుంచి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగి ఇస్తున్నారు. మద్రాసు హైకోర్టు పట్టుబట్టాక మొదలైన పద్ధతి ఇది. అడవిలో పారేసే సీసాకు విలువ వచ్చింది కాబట్టే తిరిగొస్తోంది. ప్లాస్టిక్ బాటిళ్లకూ, కవర్లకూ ఇలాంటిది కంపెనీల ఖర్చుతో ఎందుకు పెట్టకూడదు?

ఉగాది భోజనాల్లో స్టీలు గ్లాసులు పెడుతున్న సంఘాలకు అభినందనలు. అయితే మన గ్లాసులు కంపెనీల బాకీ తీర్చవు. మన వార్డులో ఏ కంపెనీ తరఫున ఎన్ని కిలోలు సేకరించారో బోర్డు మీద రాయమని మునిసిపాలిటీని అడుగుదాం. అర్జీని తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ, ఏది ఆ ఊరి భాషైతే అందులోనే రాయండి. ఇక్కడ తరాలుగా పన్ను కడుతున్నవాళ్లం, అడిగే హక్కు మనకుంది.