సంచలనం మీకే, మాకు కాదు

మా జిల్లాలో ఓట్ల లెక్కింపు అయిన ప్రతిసారీ టీవీలో ఒకటే మాట: సంచలనం. పోయినసారీ అదే, అంతకుముందూ అదే. హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలు ఫోన్ చేసి "మీ దగ్గర ఏమైంది?" అని అడుగుతారు, ఇంట్లో ఏదో అయినట్టు.

2019 మే 23న అలాంటి ఫోన్లు నాకు నాలుగైదు వచ్చాయి. ముఖ్యమంత్రి కూతురు కవిత గారు 2014లో లక్షా అరవై వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచిన సీటు ఇది. ఆమె డెబ్బై వేల ఓట్లకు పైగా తేడాతో ధర్మపురి అరవింద్ గారి చేతిలో ఓడిపోయారంటే బయటివాళ్లకు ఆశ్చర్యమే. మాక్లూర్‌లో కల్లం మీద పసుపు ఆరబోసిన ఆడవాళ్లను ముందే అడిగి ఉంటే అంత ఆశ్చర్యపడే పని ఉండేది కాదు. అడిగినవాళ్లు ఎవరు!

ఆ ఏడాది సంగతి మరిచిపోయిన వాళ్లుంటారు. పసుపుకు క్వింటాల్‌కు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 ఇప్పించమని రైతులు ఆర్మూర్ దగ్గర రోడ్ల మీద కూర్చున్నారు. ఎవరూ దిగిరాకపోతే 178 మంది నామినేషన్లు వేశారు. పార్టీల వాళ్లతో కలిపి 185 మంది. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. 1996లో నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ల కోసం 480 మంది పోటీ చేశారట, అప్పుడు బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. మాది ఆ దారే. మా అత్తమ్మ ఆ డబ్బాల వరుస చూసి "ఇదేం సంతనే బిడ్డా" అంది, అయినా తనకు కావాల్సిన గుర్తు వెతుక్కునే వచ్చింది.

నాకు ఇందులో కదిలించేది గెలుపోటములు కాదు, డిపాజిట్. లోక్‌సభకు నిలబడాలంటే మామూలుగా 25 వేలు కట్టాలి. పోలైన ఓట్లలో ఆరో వంతుకు పైగా రాకపోతే ఆ పైసలు పోతాయి. అంతమంది నిలబడితే ఎవరికీ రావని అందరికీ తెలుసు. తెలిసీ కట్టారు. పసుపు రేటు లేని ఏడాది 25 వేలంటే ఏమిటో ఇల్లు నడిపే ఆడవాళ్లకు చెప్పాలా? పిల్లల ఫీజో, చిట్టీ కిస్తీనో ఆగి ఉంటుంది. రాజకీయమంటే విసుగు పుట్టినవాళ్లు ఇంట్లో కూర్చుంటారు గానీ, పోతుందని తెలిసీ పైసలు కట్టరు.

ఇక గెలిచినాయన బాండు పేపర్ సంగతి. ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని, తేలేకపోతే రాజీనామా చేస్తానని రాసిచ్చారు. నాకు అప్పుడే నవ్వొచ్చింది. అప్పు తీసుకునేవాడు కాగితం రాసిస్తాడు, నాయకుడు కూడా రాసివ్వాల్సి వచ్చిందంటే మాట విలువ ఎక్కడికి పడిపోయిందో చూడండి. ఐదు రోజులు పోయాయి. 2020లో స్పైసెస్ బోర్డు ఆఫీసు వచ్చింది, అదే బోర్డు అనుకోమన్నారు. అసలు బోర్డు ప్రకటన 2023 అక్టోబర్‌లో, అదీ అసెంబ్లీ ఎన్నికల ముంగిట. ప్రారంభం 2025 సంక్రాంతికి. ఓడిన కవిత గారు మాత్రం 2020 అక్టోబర్‌లోనే ఇదే జిల్లా స్థానిక సంస్థల నుంచి ఎమ్మెల్సీ అయ్యారు. జనం ముందు తలుపు మూస్తే నాయకులకు పెరటి తలుపు ఎప్పుడూ ఉంటుంది.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీది ఇంకో కథ. నిజాం కాలంలో కట్టింది, 2002లో ప్రైవేటుకు ఇచ్చారు, 2015 చివర్లో మూతపడింది. తెరిపిస్తామనే మాట ప్రతి ఎన్నికకూ వస్తుంది. మా చిన్నమ్మ వాళ్లది ఆ వైపే. చెరుకు మాని వరికి వెళ్లిపోయారు, ఫ్యాక్టరీ మాటెత్తితే టీవీ సౌండ్ తగ్గిస్తుంది.

అందుకని మా ఆయన అంటారు, "అందరూ దొంగలే, ఎవనికేస్తే ఏంది" అని. ఈ మాటతోనే నాకు పేచీ. ఇది వినడానికి తెలివైన మాటలా ఉంటుంది గానీ, నాయకులకు ఇంతకన్నా ఇష్టమైన మాట లేదు. అందరూ ఒకటే అయితే ఎవరినీ లెక్క అడగనక్కర్లేదు కదా. అందరూ ఒకటి కాదు, ఒకే మనిషి ఇచ్చిన అన్ని మాటలూ ఒకటి కాదు. 2023లో గెలిచిన ప్రభుత్వం ఆడవాళ్లకు ఫ్రీ బస్సు వారం తిరగకుండా ఇచ్చింది. అదే ఆడవాళ్లకు నెలకు రెండున్నర వేలు ఇస్తామన్నది నేను ఇది రాసే నాటికి రాలేదు. రెండూ రాసి పెట్టుకోవాలి. పొదుపు సంఘంలో ఎవరు కిస్తీ కట్టారో, ఎవరు ఎగ్గొట్టారో మనకు పేరుపేరునా గుర్తుండదా?

కామారెడ్డి వాళ్లు అదే చేశారు. 2023 ఎన్నికల్లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఇద్దరూ అక్కడ నిలబడితే, ఇద్దరినీ కాదని వెంకటరమణారెడ్డిని గెలిపించారు. అదీ సంచలనమే అన్నారు. అదే ఏడాది మొదట్లో అక్కడి రైతులు మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలు పోతాయని రోడ్డెక్కిన సంగతి ఎందరికి గుర్తుంది?

అరవింద్ గారి సంగతీ అంతే. 2023లో కోరుట్ల అసెంబ్లీకి నిలబడితే ఓడించారు, ఆరు నెలల్లో పార్లమెంటుకు మళ్లీ లక్షకు పైగా తేడాతో గెలిపించారు. దీన్ని గుడ్డి నమ్మకం అనగలమా?

ఒక్కటి మాత్రం నన్ను కుదిపింది. 2024లో పసుపు ధర 15 వేలు దాటింది. బోర్డు ఇంకా కాగితాల మీద ఉండగానే, పంట తగ్గి దానంతట అదే పెరిగింది. అప్పటికి మా వాడకట్టులో సగం మంది పసుపు వేయడం మానేశారు. ఉన్నవాళ్ల ఇళ్లలోనూ ఆ పైసలు పాత అప్పులకే పోయాయి. తవ్విన పసుపు ఏరి, కొమ్ములు విరిచి, మండలు వేరు చేసేది ఆడవాళ్లే అయినా, కూలి రేటు ఎంతుండాలని ఏ బాండు పేపర్‌లోనూ ఎవరూ రాయలేదు, 178 మంది కూడా అడగలేదు. పోయిన నెల సంఘం మీటింగ్‌లో నేను ఈ మాట తీశాను. లీడర్ అక్క కాసేపు ఊరుకుని, "రిజిస్టర్లో రాయి మరి" అంది. రాశాను. పదకొండు మంది సంతకం పెట్టారు, ఒకామె వేలిముద్ర వేసింది.