జవాను అప్పు ముందుగా ఎవరికి తెలియాలి?

రాయ్‌పూర్ శివార్లలోని మోవాలో అద్దెకుంటున్న ఓ తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. కొడుకు కేంద్ర సాయుధ బలగాల్లో కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాడు. అంతకుముందు ప్రైవేటు ఉద్యోగంలో ఉండగా చెల్లెలి పెళ్లికి తీసుకున్న బ్యాంకు రుణం వాయిదాలు ఆగిపోయాయి. పూర్వాపరాల విచారణకు పోలీసులు వచ్చే వేళకు ఇంట్లో ఒకటే దిగులు: అప్పు సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందా?

అప్పు ఉన్నంత మాత్రాన పోదు. నియామక సమయంలో నింపే ధ్రువీకరణ పత్రం అరెస్టులు, శిక్షలు, కోర్టుల్లో పెండింగ్ కేసుల గురించి అడుగుతుంది. చిక్కు అక్కడే ఉంది. చెక్కు చెల్లకపోతే చెక్కుల చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కట్ అయ్యే వాయిదా బౌన్స్ అయినా 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం అలాంటి శిక్షే చెబుతోంది. నిన్నటి దాకా ఇంటి బాకీగా ఉన్నది ఇలా క్రిమినల్ కేసవుతుంది. భయపడి ఆ గడిలో ‘లేదు’ అని రాస్తే వాస్తవాన్ని దాచినట్టే. దాచిన ప్రతివాడినీ కళ్లు మూసుకుని తొలగించకూడదని, కేసు తీవ్రతను చూడాలని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ ఊరట కోసం కోర్టు మెట్లెక్కే స్తోమత ఎందరు కానిస్టేబుళ్లకు ఉంటుంది?

ఉద్యోగంలో చేరాక వర్తించేది 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి. దాని 17వ నియమం ప్రకారం ఉద్యోగి అలవాటుగా అప్పుల్లో కూరుకుపోకూడదు. బాకీ వసూలుకు దావా పడితే వెంటనే పైఅధికారులకు తెలపాలి. పరిస్థితులు చేయి దాటాయని నిరూపించుకునే భారమూ అతనిదే. నియమం సబబే. అయితే బాకీ గురించి నోరు విప్పితే క్రమశిక్షణ చర్య తప్పదనుకునే చోట ఎవరు చెబుతారు? పై అధికారికి చెప్పుకోలేనివాడు వడ్డీ వ్యాపారి దగ్గరికి, అక్కడా పుట్టకపోతే రుణ యాప్ దగ్గరికి పోతాడు.

ఈ యాప్‌ల తీరు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు కొత్త కాదు. 2020 చివర్లో వేధింపులకు తాళలేక జరిగిన ఆత్మహత్యలు, హైదరాబాద్ పోలీసుల అరెస్టులు గుర్తుండే ఉంటాయి. ఇలాంటి యాప్‌లు ఫోన్లోని నంబర్లు, ఫొటోలు లాగేసుకుంటాయి. ఆ ఫోన్ బస్తర్‌లో విధుల్లో ఉన్న జవానుదైతే అందులో సహచరుల నంబర్లు, శిబిరం ఫొటోలు ఉండొచ్చు. 2023 ఫిబ్రవరిలో కేంద్రం 94 రుణ యాప్‌లను నిషేధించింది. పేరు మార్చుకుని మళ్లీ రావడం వాటికి పెద్ద పని కాదు.

డబ్బు ఇబ్బంది ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ కథ చాలు. విడాకులతో అప్పుల పాలై 1985లో 50,000 డాలర్లకు రహస్యాలు సోవియట్‌లకు అందించాడు. ఆ తర్వాత రెండుసార్లు అబద్ధ నిర్ధారణ పరీక్ష దాటాడు. నగదు పెట్టి ఖరీదైన ఇల్లు కొన్నా 1994 దాకా పట్టుబడలేదు. మనకు దగ్గరి పాఠం 2019 డిసెంబరులో నౌకాదళ సిబ్బంది ఏడుగురి అరెస్టు. సోషల్ మీడియాలో మహిళల పేరుతో పరిచయం, ఆ వెనకే డబ్బు: అక్కడ వేసిన ఎర అదేనని దర్యాప్తు సంస్థల అభియోగం.

ఇప్పుడు అమెరికా నిబంధనలు అప్పును అనర్హతగా కాక ప్రశ్నగా చూస్తాయి. ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకుల వల్ల వచ్చిందా? తీర్చే ప్రయత్నం నిజాయితీగా సాగుతోందా? అప్పుల సలహా తీసుకున్నాడా? వీటికి జవాబుంటే అనుమతి దక్కే వీలుంది. మన దగ్గర బ్యాంకు ఉద్యోగాలకే క్రెడిట్ రికార్డు చూస్తున్నారు. బాకీలు తీర్చేశానన్న అభ్యర్థి విషయంలోనూ స్టేట్ బ్యాంకు నిర్ణయాన్ని 2025లో మద్రాసు హైకోర్టు సమర్థించింది. బలగాల్లోనూ ఇదే కొలబద్ద పెట్టాలనే మాట వస్తే జాగ్రత్త అవసరం. స్కోరు తక్కువన్న కారణంతో పేద ఇంటి పిల్లలను గుమ్మంలోనే ఆపితే గూఢచారులు తగ్గరు.

ప్రతి బెటాలియన్‌లో అప్పు చెప్పుకున్నంత మాత్రాన శిక్ష పడని ఓ గది, తక్కువ వడ్డీకి అత్యవసర రుణం, వసూలు ఏజెంట్ల ఫోన్లకు జవాబిచ్చే ఓ అధికారి ఉంటే చాలావరకు పని జరుగుతుంది. మోవా కుర్రాడు మాత్రం ఇవాళే ఆ పత్రంలో ఉన్నది ఉన్నట్టు రాసి, బ్యాంకుతో వాయిదాల ఒప్పందం చేసుకున్న కాగితాన్ని దానికి జతచేయాలి.