మంత్రగత్తె అన్నది ఎవరు?

కేట్ బుష్ అభిమానులతో నాకొక పేచీ ఉంది. నేనూ ఆ గుంపులోని మనిషినే గనుక దీన్ని ఇంటి తగవుగానే భావించవచ్చు. 1985 సెప్టెంబరు 16న ఇంగ్లండులో వెలువడిన 'హౌండ్స్ ఆఫ్ లవ్' ఆల్బంను వారు ప్రాణసమానంగా ప్రేమిస్తారు. ఆ ప్రేమను నేను శంకించను. నాకు మింగుడు పడనిది ఆ ప్రేమ మాట్లాడే భాష. నలభయ్యేళ్ళుగా అవే మాటలు: మంత్రగత్తె, వనదేవత, లోకం పట్టని ఏకాంతవాసిని, ఏ లోకం నుంచో దిగివచ్చిన గొంతు. అన్నీ పొగడ్తలే, కాదనను. కానీ ఒక మనిషి చేసిన పనిని ఆ మనిషి చేతుల్లోంచి లాగేసుకోవడానికి పొగడ్తను మించిన సాధనం లేదు.

ఈ పేరు కొత్తగా వింటున్న పాఠకుల కోసం నాలుగు మాటలు. 1978లో, పందొమ్మిదేళ్ళ వయసులో, 'వదరింగ్ హైట్స్' పాటతో ఆమె బ్రిటిష్ జాబితాలో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. తాను స్వయంగా రాసుకున్న పాటతో అక్కడ ఆ స్థానానికి చేరిన తొలి మహిళ ఆమే. 1982లో 'ద డ్రీమింగ్' ఆల్బంకు నిర్మాణ బాధ్యత పూర్తిగా తానే వహించింది. అది మూడో స్థానం దాకా వెళ్ళినా అమ్మకాలు ఆశించినంతగా లేవు. రికార్డు కంపెనీకి ఆ ప్రయోగాలు రుచించనూ లేదు. తరువాత మూడేళ్ళ మౌనం. అభిమానుల పురాణం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది: ఆమె అడవిలో అదృశ్యమై, ఒక అద్భుతాన్ని మోసుకుని తిరిగి వచ్చిందట!

అడవీ లేదు, అదృశ్యమూ లేదు. కెంట్ ప్రాంతంలో తన తల్లిదండ్రుల పొలం దగ్గరున్న పాత కొట్టంలో ఆమె స్టూడియో కట్టించుకుంది. కారణం కవితాత్మకమైనది కాదు, అచ్చంగా లెక్కల వ్యవహారం. లండన్ స్టూడియోలలో గంటకింత అద్దె. ప్రయోగం చేస్తున్నంతసేపూ గడియారం డబ్బు తింటూ ఉంటుంది. సొంత కొట్టంలో ఆ గడియారం లేదు. ఇంట్లో నమూనాగా రికార్డు చేసుకున్న పాటలను పక్కన పడేసి మళ్ళీ మొదటి నుంచీ పాడటం అనే రివాజును కూడా ఆమె మానుకుంది. ఆ నమూనాలనే పెద్ద టేపు మీదికి ఎక్కించి, వాటి మీదే పొర మీద పొరగా కట్టుకుంటూ పోయింది. మొదటిసారి పలికినప్పటి వేడి చల్లారకుండా ఉండటానికి అదొక పద్ధతి. నేను 'పద్ధతి' అంటున్నాను, మన అభిమానులు 'ఆవేశం' అంటారు. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇక ఆ యంత్రం. సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు తయారు చేసిన ఫెయిర్‌లైట్. అక్కడి రేవులో తిరిగే ఒక పడవ పేరే దానికి పెట్టారు. ఏ చప్పుడునైనా సెకను అటూ ఇటూ పట్టి బంధించి, మెట్ల మీద పరచి, వాయించుకోనిచ్చే యంత్రం అది. తెర మీద కాంతికలంతో ధ్వని తరంగాన్ని గీసుకోవచ్చు కూడా. ఈనాటి చేతిఫోను పక్కన దాని జ్ఞాపకశక్తి నవ్వు పుట్టిస్తుంది. అప్పట్లో దాని ఖరీదు మాత్రం ఎవరికీ నవ్వు పుట్టించలేదు. 1980లో 'బబూష్కా' పాట చివర వినిపించే గాజు పగిలిన చప్పుడు దాని పనే. 'రన్నింగ్ అప్ దట్ హిల్'లో మనల్ని వెంటాడే ఆ పల్లవి కూత ఫెయిర్‌లైట్‌లోని చెల్లో ధ్వని మీద వాయించినది. కింద ఆగకుండా పరుగెత్తే దరువు, డెల్ పామర్ లిన్‌డ్రమ్ అనే దరువుయంత్రానికి నేర్పినది. యంత్రం మీట నొక్కితే సంగీతం వచ్చేస్తుందని వెక్కిరించేవారికి ఒకే ప్రశ్న: ఆ యంత్రాన్ని కొన్నవారు ఇంకా చాలామంది ఉన్నారు కదా, ఈ పాట వారికెందుకు రాలేదు?

'ఏకాంతవాసిని' అన్న బిరుదును ఆల్బం అట్ట మీది పేర్లే కొట్టిపారేస్తాయి. అన్న పాడీ బుష్, డెల్ పామర్ ఉండనే ఉన్నారు. డబ్లిన్ వెళ్ళి డోనల్ లన్నీ, లియమ్ ఓ'ఫ్లిన్, జాన్ షీహన్ వంటి ఐరిష్ సంప్రదాయ వాద్యకారులతో రికార్డు చేసింది. జర్మనీ నుంచి ఎబెర్‌హార్డ్ వెబర్ బాస్ వాయించాడు. చివరి పాటలో జాన్ విలియమ్స్ గిటారు. మరో అన్న జాన్ ఒక పాటలో పద్యం చదవడమే కాక అట్ట మీది ఛాయాచిత్రం కూడా తీశాడు. ఇంతమందిని పిలిచి, ఎవరి చేత ఏం వాయించాలో చెప్పి, వచ్చినదాంట్లో ఏది ఉంచాలో ఏది తుంచాలో తేల్చిన మనిషిని నిర్మాత అంటారు. మగవాడైతే అలాగే అనేవారు కూడా.

నాకు అన్నిటికన్నా ప్రీతిపాత్రమైన ఉదాహరణ 'క్లౌడ్‌బస్టింగ్'. శాస్త్రవేత్త విల్‌హెల్మ్ రైక్ గురించి ఆయన కుమారుడు పీటర్ 1973లో ప్రచురించిన జ్ఞాపకాల పుస్తకం దానికి ఆధారం. తండ్రిని అధికారులు తీసుకుపోతుంటే చూస్తున్న పిల్లవాడి పాట అది. చివర ఒక ఆవిరి యంత్రం నిట్టూరుస్తూ ఆగుతుంది. దీని మీద ఎన్ని భాష్యాలు విన్నానో! బాల్యం ముగిసిందనీ, కాలం ఆగిందనీ. అసలు సంగతి ఆమే ముచ్చట్లలో చెప్పింది: పాట ముగింపు కుదరలేదు, వాద్యాలు ఎక్కడివక్కడ చెదిరిపోతున్నాయి, ఆ చెదరడాన్ని కప్పడానికి ఈ చప్పుడు తెచ్చి పెట్టారు. వడ్రంగి కీలు సరిగా అతకని చోట నగిషీ చెక్కినట్టు. ఇది తెలిశాక ఆ పాట నాకు చిన్నదైపోలేదు. అతుకు కనపడకుండా అతికిన చెయ్యి మీద గౌరవం పెరిగింది.

రెండో పక్కనున్న ఏడు పాటలకు 'ద నైన్త్ వేవ్' అని పేరు. రాత్రివేళ సముద్రంలో, ప్రాణరక్షక కవచం మీద మినుకుమనే చిన్న దీపంతో, ఒంటరిగా తేలుతున్న స్త్రీ కథ. ఆమె నిద్రపోతే మునిగిపోతుంది. మేలుకోమని రకరకాల గొంతులు పిలుస్తాయి. ఆ వెంటనే పాట విచారణగా మారుతుంది: ముక్కలు ముక్కలుగా తెగిపోయిన ఆడగొంతు ఒకవైపు, నేరం మోపే కర్కశమైన మగగొంతు ఇంకోవైపు. ఆ పాట పేరు 'వేకింగ్ ద విచ్'. నీళ్ళలో తేలితే మంత్రగత్తె, మునిగితే నిర్దోషి అని తేల్చిన పాతకాలపు పరీక్ష దాని వెనుక ఉంది. ఈ పాటను వందలసార్లు విని, కన్నీళ్ళు తుడుచుకుని, ఆపై గాయనిని ముద్దుగా 'మంత్రగత్తె' అని పిలిచే అభిమానిని ఏమనాలి? ఆ విచారణలో ఏ గొంతుతో గొంతు కలుపుతున్నాడో అతనికి తెలుసా?

కళ రహస్యమయ్యా, యంత్రాల పేర్లూ స్టూడియో లెక్కలూ వల్లిస్తే రసభంగం, అంటారు కొందరు. మన దగ్గరా ఈ ధోరణి తక్కువేమీ కాదు. ఎవరైనా బాగా పాడితే చాలు, వరప్రసాదమని చేతులు జోడిస్తాం. దండం పెట్టేశాక ఇక వినవలసిన శ్రమ ఉండదు కదా.

ఈ భక్తి వికటించిన తీరు 2022లో చూశాం. మే నెలాఖరులో 'స్ట్రేంజర్ థింగ్స్' నాలుగో భాగం వచ్చింది. అన్నను పోగొట్టుకుని కుమిలిపోతున్న మ్యాక్స్ అనే పిల్లను మృత్యువు నుంచి వెనక్కి లాగేది 'రన్నింగ్ అప్ దట్ హిల్' పాటే. 1985లో మూడో స్థానంలో ఆగిన ఆ పాట 37 ఏళ్ళ తరువాత, జూన్‌లో, బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరి మూడు వారాలు అక్కడే ఉంది. సంతోషించవలసిన పాత భక్తులలో కొందరు గుడి తలుపులు మూయబోయారు. వీళ్ళకు ఒక్క పాటే తెలుసు. ఆ పాట అర్థం అది కానే కాదు. మేము మొదటినుంచీ ఉన్నాం. ఇవీ వారి అభ్యంతరాలు. అద్భుతం అనుకున్నప్పుడు దాన్ని కళ్ళారా చూసినవాడికే హక్కు, తరువాత వచ్చినవాడు విన్నదాన్ని నమ్మేవాడు మాత్రమే. పని అనుకుంటే ఆ గొడవే రాదు. బాగా కట్టిన వంతెన మీద నిన్న నడిచినవాడికీ ఇవాళ నడిచేవాడికీ ఒకటే బరువు.

పైగా ఆ పాట దేని గురించి? ఒక పురుషుడూ ఒక స్త్రీ ఒకరి స్థానంలోకి ఒకరు మారగలిగితే ఒకరికొకరు అర్థమయ్యేవారు కదా, అందుకు దేవుడితో బేరం కుదిరితే బాగుండును కదా అని. దేవుడి పేరుంటే కొన్ని దేశాల రేడియోలు వేయవన్న భయంతో కంపెనీ అసలు శీర్షికను మార్పించింది. ఇతరుల స్థానంలోకి మారడం గురించిన పాటను ప్రాణంగా చూసుకుంటూ, పదహారేళ్ళ పిల్ల స్థానంలో ఒక్క క్షణం నిలబడలేకపోవడం విడ్డూరం. కేట్ బుష్ మాత్రం ఆ కొత్త శ్రోతలకు బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పింది.

అభిమానులందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. 1982లో మొదలైన 'హోమ్‌గ్రౌండ్' అనే అభిమాన పత్రికను సామాన్య శ్రోతలే ఏళ్ళ తరబడి తమ చేతులతో నడిపారు. ప్రేమంటే అలాంటి ఓపిక కూడా. 2014లో లండన్ హామర్‌స్మిత్‌లో 22 రాత్రులు ఆమె 'ద నైన్త్ వేవ్'ను మొత్తంగా వేదికకెక్కించినప్పుడు, ఫోన్లూ కెమెరాలూ వద్దని ముందుగా విన్నవించుకుంది. జనం చాలావరకు మన్నించారు కూడా.

నాకు జవాబు రాయదలచిన భక్తులు ముందు 'హలో ఎర్త్' ఒకసారి విని రావాలి. ఆ పాట మధ్యలో రెండుచోట్ల అంతా ఆగిపోయి, మగవాళ్ళ బృందగానం ఒకటి లోతుల నుంచి లేస్తుంది. కట్టేటప్పుడు ఆ రెండు చోట్లా ఖాళీయే. ఏం పెట్టాలో ఆమెకు తోచలేదు. ఏదో ఒకటి పెట్టి పూడ్చనూ లేదు. చివరికి హెర్జోగ్ తీసిన 'నోస్ఫెరాటు' చిత్రంలో విన్న ఒక జార్జియా జానపద గీతం గుర్తుకొస్తే, దాన్ని ఇంగ్లండు గాయకబృందం చేత పాడించి అక్కడ ఉంచింది. అంతవరకూ ఆ పాట రెండు గోతులతో అలాగే ఆ కొట్టంలో కాచుకుని ఉంది.