మసావాత్‌కి మూసిన హద్దు సరిపడదు

సఫ్‌లో నిలబడితే అందరం బరాబర్ అంటాం. టోపాలజీ నజర్‌తో చూస్తే అది అంత ఆసాన్ కాదు. రెండు కొసలున్న గీతలో నడిమి బిందువు తీసేస్తే గీత రెండు ముక్కలవుతుంది. అలాంటిదాన్ని కట్ పాయింట్ అంటారు. కొస బిందువు తీస్తే ఏదీ తెగదు. మరి బరాబరీ ఎక్కడ? కొసలు కలిపి దాయిరా చేస్తే బిందువులన్నీ ఒకలాంటివే, అంటే హోమోజీనియస్. కానీ ఏ ఒక్కటి పోయినా దాయిరా తెగదు. ఎవరూ జరూరీ కాదన్నమాట!

ఇది ఇత్తెఫాక్ కాదు. కాంపాక్ట్, కనెక్టెడ్, హౌస్‌డార్ఫ్ స్పేస్‌లో ఒకటికి మించి బిందువులుంటే, కనీసం 2 కట్ పాయింట్లు కాకుండా ఉంటాయి. అన్నీ ఒకలాంటివే కావాలంటే ఇక కట్ పాయింట్ ఒక్కటీ మిగలదు.

అటూ ఇటూ అంతం లేని సరళరేఖలో మాత్రం ప్రతి బిందువూ బరాబర్, ప్రతిదీ కట్ పాయింటే. ఏ బిందువు తీసినా 3 ముక్కలయ్యే హోమోజీనియస్ చెట్లనూ గణితజ్ఞులు కట్టి చూపించారు. అవీ కాంపాక్ట్ కావు.

గణితం ఫత్వా ఇవ్వదు, మిసాల్ ఇస్తుంది. ఎవరు పోయినా ఫరక్ పడని బరాబరీ నాకు చాలదు. అందరూ బరాబర్, అందరూ జరూరీ అనే బిరాదరీ దర్వాజా మూసుకోకూడదు.