ఆదివారం సరదాకి ఆరా తీసేదెవరు?

"పార్కుకి వెళ్దాం" అనడానికి పిల్లలకి అరక్షణం చాలు. "సరే, ఆదివారం వెళ్దాం లెండి" అనడానికి వాళ్ళ నాన్నకి ఇంకో అరక్షణం. ఆ తర్వాత పది రోజులూ ఇల్లాలివే. టికెట్లు ఎక్కడ తక్కువకి వస్తాయి, ఎవరెవరికి ఈత దుస్తులు ఉన్నాయి, ఎవరివి నిరుటికే పొట్టయిపోయాయి, పనమ్మాయికి ఎన్నింటికి రమ్మని చెప్పాలి, అత్తగారి బీపీ మాత్రలు ఏ సంచిలో పెట్టాలి... ఇవన్నీ క్యాలెండర్ వెనక రాసుకునేది మనమే. పోయివచ్చాక తడి బట్టల మూట విప్పేదీ మనమే అనుకోండి, అది వేరే సంగతి.

మా చిన్నప్పుడు ఇంత తతంగం లేదు. తిరునాళ్ళలో రంగులరాట్నం, ఊళ్ళోకి వస్తే సర్కస్, హైదరాబాద్ చుట్టాలింటికి వస్తే జూపార్కు, జనవరి అయితే నాంపల్లి నుమాయిష్. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2004లో స్నో వరల్డ్, 2007లో జలవిహార్, 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా వచ్చాయి. 2025 డిసెంబరులో చెన్నై శివార్లలోనూ వండర్‌లా తెరిచారు. నెల్లూరు, తిరుపతి వాళ్ళకి హైదరాబాద్ కంటే అదే దగ్గర. ఇవాళ సత్తెనపల్లిలో ఉన్నా, సూర్యాపేటలో ఉన్నా మధ్యతరగతి పిల్లలకి సెలవులంటే ఒక్క రోజైనా ఇలాంటి పార్కు ఉండాల్సిందే. తప్పని నేననను. పిల్లలు ఒళ్ళు తెలీకుండా కేకలు పెట్టి నవ్వే చోట్లు మనకి ఎన్ని మిగిలాయి గనక!

ఇంతకీ ఆదివారమే ఎందుకు? మామూలు రోజున టికెట్ ధర తక్కువ పెట్టే పార్కులు చాలానే ఉన్నాయి. మంగళవారం వెళ్తే క్యూలు ఉండవు, ఒక్కో రైడ్ రెండేసి సార్లు ఎక్కొచ్చు. కానీ మంగళవారం ఆయనకి ఆఫీసు, పెద్దదానికి స్కూలు, సాయంత్రం ట్యూషను. నాకు కుదిరే రోజుకీ ఇంట్లో మిగిలిన నలుగురికీ కుదిరే రోజుకీ ఎప్పుడూ పొత్తు కుదరదు. ఇలా ఊరందరికీ ఒకే రోజు కుదురుతుంది కాబట్టి ఊరంతా ఆ రోజే వెళ్తుంది. పెద్ద పార్కుల్లో పెద్దవాళ్ళ టికెట్ ఎప్పుడో వెయ్యి దాటింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఈ టికెట్ల మీద 28 శాతం పన్ను వేశారు. 2018 జనవరిలో దాన్ని 18 శాతానికి తగ్గించారు. ఆ మాత్రానికే మనకి సంబరం. అయిదుగురు వెళ్ళి తిని, తాగి, పెట్రోలు పోయించుకుని ఇంటికి వచ్చేసరికి నెల కిరాణా ఖర్చు అయిపోతుంది. అందుకే మనం మొట్టమొదట అడిగే ప్రశ్న "ఆఫర్ ఏమైనా ఉందాండీ?" అని.

ఆ ప్రశ్న దగ్గరే నాకు ఒక వార్త గుర్తుకొచ్చి గుండె పట్టేస్తుంది. 2024 మే 25, శనివారం. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్. వేసవి సెలవులు, వారాంతం, పైపెచ్చు 99 రూపాయలకే ప్రవేశం అని ఆఫర్. తల్లులు పిల్లల్ని తీసుకొచ్చారు. లోపల ఒక పక్క వెల్డింగ్ పని జరుగుతోంది. ఆ నిప్పురవ్వలకి మంటలంటుకుని 27 మంది చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. ఆ షెడ్డుకి అగ్నిమాపక శాఖ అనుమతి లేదని, లోపల డీజిలు, పెట్రోలు నిలవ ఉంచారని తర్వాత బయటపడింది. మర్నాడు ఆదివారమైనా గుజరాత్ హైకోర్టు తనంత తానుగా కేసు చేపట్టి, ఇది మనుషుల చేతులారా జరిగిన విపత్తు అంది. 99 రూపాయలు అని చదివి మురిసిన తల్లి నాలాంటిదే అయి ఉంటుంది. బయటికి దారులెన్ని అని ఆమె అడగలేదు. అడగాలని మనకెవరూ నేర్పలేదు కదా!

అంతకు అయిదేళ్ళ ముందు, 2019 జులై 14న, అదే రాష్ట్రంలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గరి పార్కులో లోలకంలా ఊగే పెద్ద రైడ్ ఒకటి విరిగి కిందపడింది. ఇద్దరు చనిపోయారు, పాతిక మందికి పైగా గాయపడ్డారు. అదీ ఆదివారమే. వారాంతమే యముడి రోజని నేను చెప్పటంలేదు. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ కాపస్‌హేడాలో కాబోయే భర్తతో వచ్చిన 24 ఏళ్ళ అమ్మాయి రోలర్ కోస్టర్ మీంచి పడి చనిపోయింది గురువారం నాడు. అయినా జనం కిక్కిరిసిన రోజు సంగతి వేరు. మామూలు రోజున రైడ్ ఒకసారి తిరిగాక కాసేపు ఆగుతుంది. యంత్రానికీ విశ్రాంతి, దాన్ని నడిపే కుర్రాడికీ విశ్రాంతి. ఆదివారం అలా కాదు. క్యూ వంకర్లు తిరిగి ఉంటుంది, ఎండలో జనం విసుక్కుంటుంటారు, ఎంత తొందరగా ఎక్కించి దించితే అంత మంచిది. జాగ్రత్తలో ఏది తగ్గినా అక్కడే తగ్గుతుంది.

నిరుడు వేసవిలో నరసరావుపేట నుంచి మా ఆడపడుచు పిల్లలతో వస్తే అందరం కలిసి ఒక పార్కుకి వెళ్ళాం. గుండ్రంగా తిరుగుతూ పైకి లేచే రైడ్. జనాన్ని ఎక్కించేదీ ఒక్క కుర్రాడే, ఒళ్ళో కడ్డీలు దించేదీ అతనే, మీట నొక్కేదీ అతనే. మా పెద్దదాని ఒళ్ళో పడ్డ కడ్డీ "టక్" మనలేదు. నేను కమ్మీల బయట నిలబడి వింటూనే ఉన్నాను. పక్కవాళ్ళవన్నీ టక్, టక్ మన్నాయి, దీనిది అనలేదు. "బాబూ, అది పడలేదు" అన్నాను. "ఏం కాదాంటీ, పడింది" అంటూ అటు నడిచాడు. నేను ఆపమని అరిచాను. వెనక క్యూలోంచి ఎవరో "అబ్బా, ఈవిడొకరు" అన్నారు. మా ఆయన చెయ్యి పట్టుకుని "నలుగుర్లో ఏంటది" అన్నారు. కుర్రాడు విసుగ్గా తిరిగొచ్చి కడ్డీని లాగితే అది సునాయాసంగా పైకి లేచింది! రెండోసారి గట్టిగా నొక్కాక టక్ మంది. అతని మీద నాకు కోపం లేదు. పొద్దుట్నుంచి నిలబడే ఉన్నాడు, మా వాడి కంటే ఏడెనిమిదేళ్ళు పెద్దవాడేమో. ఒక్కడి మీద మూడు పనులు పెట్టినవాళ్ళ మీదే నా కోపం. మా ఆయన దారి పొడుగునా మాట్లాడలేదు గానీ, రాత్రి భోజనాలయ్యాక "మంచిపని చేశావులే" అన్నారు.

ఇలాంటి యంత్రాలకి భద్రతా ప్రమాణాలు మన దేశంలో లేక కాదు. భారత ప్రమాణాల సంస్థ రాసిపెట్టింది. వాటిని అమలు చేయించేదీ, అనుమతులిచ్చేదీ, తనిఖీ చేసేదీ మాత్రం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. రాజ్‌కోట్ తర్వాతే గుజరాత్ ప్రభుత్వం 2024లో వీటికి కొత్త నిబంధనలు తెచ్చింది. స్థిరంగా ఉండే పెద్ద పార్కుల కంటే నాకు భయం ఎక్కువ వేసేది నెల రోజులకి ఖాళీ స్థలంలో వెలిసే ఎగ్జిబిషన్లంటే. లారీల్లో తెచ్చి బిగించి, మళ్ళీ విప్పి ఇంకో ఊరు తీసుకుపోతారు. ఎన్ని బోల్టులు బిగించారో ఎవరు లెక్కపెట్టారు? 2025 జనవరిలో నుమాయిష్‌లోనే ఒక రైడ్ నడుమ ఆగిపోయి జనం తలకిందులుగా వేలాడారు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఇక మన ఆడవాళ్ళ సంగతులు కొన్ని ఉన్నాయి, బోర్డుల మీద రాసేవి కొన్ని, రాయనివి కొన్ని. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో గో-కార్ట్ ఎక్కిన ఇరవయ్యేళ్ళ ఇంజనీరింగ్ విద్యార్థిని జుట్టు చక్రంలో చిక్కుకుని ప్రాణాలే పోయాయి. జడ గట్టిగా ముడి వేసుకోవడం, చున్నీ తీసి సంచిలో పెట్టడం చాదస్తం కాదు. నీళ్ళ ఆటల్లో చీర, చుడీదారు వద్దని నైలాన్ దుస్తులే వేసుకోమంటారు. తడిసిన బట్ట కాళ్ళకి చుట్టుకుంటుంది కాబట్టి అందులో న్యాయం ఉంది. అయితే అలా వేసుకుని నలుగుర్లోకి రావడానికి మన ఊళ్ళ ఆడవాళ్ళకి ఎంత ధైర్యం కావాలో, ఫోన్లు పట్టుకుని వేవ్ పూల్ గట్టున నిలబడే మగపిల్లల్ని చూస్తే తెలుస్తుంది. అక్కడ ఒక్క మహిళా గార్డు ఉంటే ఎంత తేడానో!

"గర్భిణులు ఎక్కరాదు" అని ప్రతి పెద్ద రైడ్ దగ్గరా బోర్డు ఉంటుంది. మంచిదే. మరి ఇంకా ఇంట్లో చెప్పని గర్భం సంగతి? మూడో నెల నిండేదాకా బయట పెట్టకూడదని కదా మనవాళ్ళ ఆచారం. అత్తవారి బలగంతో వచ్చిన కొత్త కోడలు "నేనెక్కను" అంటే "ఎందుకమ్మా, భయమా?" అని ఎగతాళి. కారణం చెప్పలేక ఎక్కేసిన అమ్మాయి నాకు తెలుసు. ఏమీ కాలేదు గానీ వారం రోజులు నిద్రపోలేదట. ఎవరైనా ఎక్కనంటే ఎందుకని అడక్కుండా ఉండడం అంత కష్టమా? అలాగే బయల్దేరే తేదీకి నెలసరి వస్తుందని డాక్టరుని అడక్కుండా మందుల షాపులో వాయిదా మాత్రలు కొనడం. పూజలకి, పెళ్ళిళ్ళకి మొదలైన అలవాటు ఇప్పుడు వాటర్ పార్కుల దాకా వచ్చింది. రక్తం గడ్డకట్టే తత్వం ఉన్నవాళ్ళకి అవి ప్రమాదం. ఆడపిల్లకి కుదరకపోతే ఇంకో ఆదివారం ఎందుకు వెళ్ళకూడదు? ఆయనకి ఆఫీసు పని పడితే మార్చుకోమూ?

తిండి విషయంలో మనందరి అనుభవం ఒకటే. తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోర గేటు దగ్గర ఆగిపోతుంది. పసిపిల్లల పాలు, మందులు తప్ప మిగతావి లోపలికి రానివ్వరు చాలాచోట్ల. సినిమాహాళ్ళ విషయంలో ఈ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బయటి తిండి వద్దనే హక్కు హాలు యజమానికి ఉందని 2023 జనవరిలో తీర్పు చెప్పారు. ఎవరైనా జిలేబీ తెచ్చుకు తిని జిగట చేతులు సీటుకి తుడిస్తే ఎవరు కడుగుతారని ప్రధాన న్యాయమూర్తి అడిగారు కూడా. నిజమే అనుకుందాం. కానీ ఆ కోర్టే, పరిశుభ్రమైన మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలనీ, పసిపిల్లలకి తల్లిదండ్రులు తెచ్చే ఆహారం ఆపకూడదనీ గుర్తుచేసింది. రెండుగంటలు చీకట్లో చల్లగా కూర్చునే సినిమాకే నీళ్ళు అంత ముఖ్యమైతే, ఎనిమిది గంటలు ఎండలో తిప్పే పార్కులో మంచినీళ్ళ కుళాయి ఎక్కడుందో వెతుక్కోవాల్సి రావడం ఏం న్యాయం? పార్కుల వాళ్ళు మొదటి సగం తీర్పే చదువుకున్నట్టున్నారు.

డబ్బు ఉంటే క్యూ కూడా ఉండదు, అది ఇంకో ముచ్చట. కొన్ని పార్కుల్లో ఎక్కువ ధర పెట్టి వేరే టికెట్ కొంటే పక్క దారిలో ముందుకి పంపేస్తారు. తిరుమలలో మూడొందల దర్శనం చూసిన కళ్ళకి మనకిది కొత్త కాదు. అమెరికాలో డిస్నీ వాళ్ళు 1999లో ఈ దారి మొదలుపెట్టినప్పుడు ఉచితంగానే ఇచ్చారు. 2021లో దానికి డబ్బులు పెట్టారు. పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చిన మా పక్కింటి పిన్నిగారు "ఓర్లాండోలోనూ తిరుపతేనే అమ్మాయ్" అని నవ్వారు. దేవుడి దగ్గరైతే ముక్తికి ఎవరు ముందో మనకి తెలీదు. ఇక్కడ మాత్రం గంటసేపు నిలబడ్డ పిల్లాడి కళ్ళముందే ఇంకో పిల్లాడు చల్లగా వచ్చి ఎక్కేస్తాడు. మా ఆడపడుచు కొడుకు "వాళ్ళెవరత్తా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచక ఐస్‌క్రీం కొనిచ్చాను.

ఏ రైడూ ఎక్కని మా అత్తయ్యకీ టికెట్ కొనాలి, సంచులు కాపలా కాసే నాకూ కొనాలి. "డబ్బులు పోసి ఎండలో కూర్చోబెట్టారర్రా" అని ఆవిడ చాలాసార్లు అన్నారు. ఈసారి సంచులు లాకరులో పెట్టేద్దామనీ, అత్తయ్యకి నీడపట్టున కూర్చునే చోటున్న పార్కు చూద్దామనీ ఇంట్లో చెప్పాను. మళ్ళీ దసరాకి ప్రయాణం అనుకుంటున్నాం. నాలుగు రోజుల క్రితం ఒక పార్కుకి ఫోన్ చేశాను. ఆదివారానికి ఇన్ని టికెట్లే అమ్ముతామని హద్దేమైనా ఉందా, పొద్దున్నే ఖాళీ సీట్లతో రైడ్లు తిప్పి చూస్తారా, ఎన్ని ద్వారాలు తెరిచి ఉంచుతారు, ఎవరికైనా కళ్ళు తిరిగితే నర్సు ఉంటుందా అని అడిగాను. అవతలి అమ్మాయి పాపం ఓపిగ్గానే విన్నది. "ఇవన్నీ ఎవరూ అడగరు మేడమ్, మేనేజరు గారిని కనుక్కుని చెప్తాను" అని నంబరు రాసుకుంది. ఫోను ఇంకా రాలేదు. పిల్లలు మాత్రం రోజూ అడుగుతున్నారు.